రెండు కప్పులు తెచ్చిన ఫ్రాంకోనాని ఒక్క సెప్టెంబర్‌కి బలి చేశారా? 2011 రెడ్ సాక్స్ గురించి

వూస్టర్_రావు
అందరికీ నమస్కారం. మా వాడికి పదమూడేళ్లు. మన బాస్టన్ బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్ పాత సంగతులన్నీ తవ్వి తీస్తున్నాడు ఈ మధ్య. నిన్న రాత్రి అన్నాల దగ్గర అడిగాడు: "నాన్నా, 86 ఏళ్ల తర్వాత కప్పు తెచ్చిన మేనేజర్‌ని ఒక్క నెల ఓడిపోయాడని ఎలా పంపించేశారు?" నాకు జవాబు తోచలేదు. ఎందుకంటే ఆ నెలంతా నేను ఇక్కడే ఉన్నాను, ఒక్క మ్యాచ్ వదలకుండా చూశాను. ఆ మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనాని నోటికొచ్చినట్టు తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

కొత్తవాళ్ల కోసం జరిగింది చెప్తాను. 2011 సెప్టెంబర్ 3 రాత్రికి వైల్డ్ కార్డ్ (డివిజన్ గెలవని జట్లలో మెరుగైనదానికి ప్లేఆఫ్స్‌లో దొరికే చోటు) లెక్కలో టాంపా బే కన్నా మనం 9 మ్యాచ్‌లు ముందున్నాం. ఆ నెలలో ఆడినవి 27, గెలిచినవి 7. వరసగా రెండు గెలిచిన సందర్భం ఒక్కటీ లేదు. చివరి రోజు, సెప్టెంబర్ 28, బాల్టిమోర్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్. 3-2తో మనదే పైచేయి. మొదటి ఇద్దరినీ మన ఆఖరి ఇన్నింగ్స్ పిచర్ (బంతి వేసేవాడు) పాపెల్‌బాన్ అవుట్ చేశాడు, ఇంకొక్కడు మిగిలాడు. అక్కడ క్రిస్ డేవిస్ డబుల్ (రెండో బేస్ దాకా చేర్చే దెబ్బ), రైమోల్డ్ డబుల్, తర్వాత ఆండీనో కొట్టిన బంతికి లెఫ్ట్ ఫీల్డ్‌లో క్రాఫర్డ్ జారుతూ వచ్చినా గ్లవ్‌లో నిలవలేదు. 4-3. మూడు నిమిషాలు తిరక్కుండా ఫ్లోరిడాలో టాంపా ఆటగాడు లాంగోరియా 12వ ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టాడు. ఎనిమిదో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి 7-0తో వెనకబడి ఉన్న టాంపా 8-7తో గెలిచింది. వాళ్లు 91 గెలిచి 71 ఓడారు, మనం 90-72. రెండు రోజుల తర్వాత ఫ్రాంకోనా వెళ్లిపోయాడు.

ఆ రోజు అరిచాను, ఇప్పుడు ఆలోచిస్తున్నాను. తప్పు నిజంగా ఆయనదేనా?

స్కోర్‌షీట్_శర్మ
రావుగారూ, మంచి ప్రశ్న. నా జవాబు సూటిగా: ఆయనది కాదు. ఆ నెలలో మన స్టార్టింగ్ పిచర్ల (మ్యాచ్ మొదట్నుంచి బంతి వేసేవాళ్ల) ఈఆర్ఏ 7.08. అంటే స్టార్టర్లు తొమ్మిది ఇన్నింగ్స్ వేస్తే సగటున ఏడు పరుగులు పైనే ఇచ్చారు. బ్యాటర్లు చేతులెత్తేయలేదు, ఓరియోల్స్ మీద ఒక మ్యాచ్‌లో 18 పరుగులు కొట్టారు కూడా. ఆ ఏడాది మేజర్ లీగ్స్ మొత్తంలో ఎక్కువ పరుగులు చేసిన జట్టు మనదే, 875. ఎల్స్‌బరీ 32 హోమ్ రన్లు కొట్టి 39 బేసులు దొంగిలించాడు (ఎవరూ బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ చేరాడు). అంత కొట్టే జట్టు ఓడిందంటే బంతి వేసేవాళ్లు లేకనే.

ఎందుకు లేరు? బుక్‌హోల్జ్ వెన్ను నొప్పితో జూన్‌లో ఆగిపోయాడు. మత్సుజాకకు మోచేతి ఆపరేషన్. 45 ఏళ్ల వేక్‌ఫీల్డ్ తన 200వ విజయం కోసం ఎనిమిదిసార్లు దిగాల్సి వచ్చింది. జులై ఆఖర్లో తెచ్చిన బెడార్డ్ ఒళ్లు సహకరించని మనిషి. అనుభవం లేని వీలాండ్‌ని టాంపా మీద దింపాల్సి వచ్చిందంటే గోదాం ఖాళీ అని అర్థం. గోదాం నింపాల్సింది ఆటగాళ్లని తెచ్చే జనరల్ మేనేజర్, వడ్డించే మేనేజర్ కాదు.

మల్కాజిగిరి_బౌలర్
శర్మ అన్నా, లెక్కలు సరే. కానీ ఆ ఫ్రైడ్ చికెన్, బీరు ముచ్చట ఏంది మరి? మన స్టార్టర్లు బెకెట్, లెస్టర్, లాకీ తాము ఆడని రోజు మ్యాచ్ నడుస్తుంటే లోపల గదిలో కూర్చొని బీరు తాగిన్రు అని బాస్టన్ పేపర్ల వచ్చింది. లెస్టర్ తర్వాత నిజమే అని ఒప్పుకున్నడు కూడా. బయట తోటి ఆటగాళ్లు ఎండల నిలబడి ఓడుతుంటే లోపల ఏసీల బీరా? గది పెద్దమనిషి ఎవరు? మేనేజరే కదా. పిల్లలు చెడిపోతే ఇంటి పెద్దను అడగమా?

నేను ఇక్కడ లీగ్ క్రికెట్ ఆడుత. మా కెప్టెన్ డ్రెస్సింగ్ రూంల ఫోన్ చూస్తే కూడా ఊకోడు.

బెజవాడ_కుర్రాడు
నాకు బేస్‌బాల్ అంతంతమాత్రమే, అందుకే ఒక చిన్న సందేహం. మేనేజర్ అంటే మన క్రికెట్‌లో కోచ్ లాంటివాడా, కెప్టెన్ లాంటివాడా? బయట కూర్చునేవాడి మీద ఇంత గోల ఎందుకు?

స్కోర్‌షీట్_శర్మ
@బెజవాడ_కుర్రాడు తమ్ముడూ, రెండూ కలిపినవాడు. క్రికెట్‌లో బౌలర్‌ని మార్చేది మైదానంలో ఉన్న కెప్టెన్. బేస్‌బాల్‌లో ఆ పని డగౌట్‌లో కూర్చున్న మేనేజర్‌ది. ఎవరు ఆడాలి, ఏ వరసలో బ్యాటింగ్‌కి రావాలి, పిచర్‌ని ఎప్పుడు తీసేయాలి, అన్నీ ఆయనే. పైగా ఒకసారి తీసేసిన పిచర్ ఆ మ్యాచ్‌లో మళ్లీ బంతి పట్టడానికి లేదు. మన దగ్గర బుమ్రాని రెండు ఓవర్లు వేయించి ఆఖర్లో మళ్లీ పిలవొచ్చు, ఇక్కడ కుదరదు. ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు. స్టార్టర్ మామూలుగా అయిదు రోజులకోసారి వేస్తాడు. రోజూ వచ్చేవాళ్లు బుల్‌పెన్ వాళ్లు, అంటే మధ్యలో, చివర్లో వేసేవాళ్లు. వాళ్ల చేతుల్లో సత్తువ సెప్టెంబర్ దాకా మిగిలేలా చూడటమే మేనేజర్ అసలు విద్య.

బెజవాడ_కుర్రాడు
ఇప్పుడు అర్థమైంది అన్నా. అయితే ప్రశ్న మారుతుంది కదా. ఆయన ఆ సత్తువ మిగిల్చాడా లేదా?

అట్లాంటా_మామయ్య
ఈ కుర్రాడు అడిగిందే అసలు ప్రశ్నండి. దీనికి జవాబు కావాలంటే బాస్టన్ ఒక్కటే చూస్తే సరిపోదు, అదే రాత్రి మా అట్లాంటాలో ఏం జరిగిందో కూడా చూడాలి. మీ బాధ గొప్పదే, కాదనను, కానీ మా బాధని అందరూ మర్చిపోయారండి.

సెప్టెంబర్ మొదట్లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ మీద మా బ్రేవ్స్‌కి ఎనిమిదిన్నర మ్యాచ్‌ల ఆధిక్యం. ఆ నెలలో 9 గెలిచి 18 ఓడారు. చివరి అయిదూ వరసగా పోయాయి. ఆఖరి రోజు టర్నర్ ఫీల్డ్‌లో నేను ఉన్నానండి, మూడో బేస్ వైపు పైవరసలో. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మా ఆఖరి పిచర్ కింబ్రెల్ చేతిలోంచి జారింది, 13వ ఇన్నింగ్స్‌లో హంటర్ పెన్స్ కొట్టిన దానికి 4-3తో ఫిలడెల్ఫియా గెలిచింది. కార్డినల్స్ మా చోటు పట్టుకుపోయి ఏకంగా కప్పే కొట్టారు.

ఇక సత్తువ లెక్క. ఆ ఏడు మా మేనేజర్ ఫ్రెడీ గొంజాలెజ్ బుల్‌పెన్‌లోని వెంటర్స్‌ని 85 మ్యాచ్‌ల్లో వేయించాడు. కింబ్రెల్‌ని 79, ఓఫ్లాహర్టీని 78. సగం సీజన్ పైనే ప్రతి రెండో రోజూ వాళ్లే. జులైలో 2-1 తేడాతో గెలుస్తుంటే మేమంతా చప్పట్లు కొట్టాం. కానీ ఆ గెలుపులన్నీ సెప్టెంబర్ చేతుల్లోంచి తెచ్చిన అప్పు. మేనేజర్ తప్పు అంటే ఇదీ అని నేను చూపించగలను. అయినా ఆయన ఉద్యోగం పోలేదండి! బ్యాటింగ్ నేర్పే పారిష్‌ని పంపించేసి ఊరుకున్నారు. గొంజాలెజ్ 2016 మే దాకా ఉన్నాడు.

అదే రాత్రి, అదే రకం పతనం. వడ్డీకి తెచ్చి ఖర్చుపెట్టినవాడు మిగిలాడు, గోదాం ఖాళీగా ఉన్నవాడు పోయాడు.

వూస్టర్_రావు
మామయ్యగారూ, ఆ రాత్రి మేం మా మంటలో పడి మీ స్కోరు కూడా చూడలేదు. మన్నించండి. అప్పు అన్న మాట నాకు పట్టుకుంది. మన బుల్‌పెన్‌లో డేనియల్ బార్డ్ కూడా అలాగే అలిసిపోయాడు. ఆగస్టు దాకా ఎనిమిదో ఇన్నింగ్స్ అంటే బార్డే. సెప్టెంబర్ ఒక్క నెలలో నాలుగు ఓటములు అతని పేరు మీదే పడ్డాయి.

న్యూజెర్సీ_మెట్స్_మేడం
న్యూయార్క్ మెట్స్ జట్టు మనిషిగా నేను కూడా ఒకటి చెప్పాలి. 2007లో 17 మ్యాచ్‌లు మిగిలుండగా 7 మ్యాచ్‌ల ఆధిక్యం మాది. 12 ఓడిపోయాం. ఆఖరి రోజు మా పిచర్ గ్లావిన్ మొదటి ఇన్నింగ్స్‌లో ఒక్కణ్ణే అవుట్ చేశాడు, అతని ఖాతాలో ఏడు పరుగులు పడ్డాయి. మేనేజర్ విల్లీ రాండాల్ఫ్‌ని అప్పుడు తీసేయలేదు. 2008 జూన్‌లో, కాలిఫోర్నియాలో మ్యాచ్ గెలిచిన రాత్రి, న్యూయార్క్‌లో తెల్లవారుజామున మూడింటికి చెప్పి పంపారు. అలా పంపిన తీరుకి నాకు ఇప్పటికీ మనసు మండుతుంది. సరే, పంపారు. ఆ 2008లో ఏమైంది? కొత్త మేనేజర్‌తో మళ్లీ సెప్టెంబర్‌లోనే, మళ్లీ ఆఖరి రోజే బయటికి వచ్చేశాం. జబ్బు అలాగే ఉంది, డాక్టర్ మారాడంతే.

మల్కాజిగిరి_బౌలర్
మేడం, మీ మాట ఒప్పుకుంట. కానీ మార్పు పనిచేసిన కథలు గూడ ఉన్నయి. మన డెక్కన్ చార్జర్స్ 2008ల అట్టడుగున ఉండె. 2009ల గిల్‌క్రిస్ట్ కెప్టెన్, లీమన్ కోచ్, కప్పు ఎత్తిన్రు. ఆటగాళ్లల్ల చానా మంది వాళ్లే. మనిషి మారితే గది మారుతది. నేను అంటున్నది గదే.

వేణు_ఎడమచేతివాటం
అన్నా, చార్జర్స్ ఉదాహరణలో ఒకటి వదిలేశావు. 2009 ఐపీఎల్ దక్షిణాఫ్రికాలో జరిగింది. అక్కడి పిచ్‌ల మీద ఆర్పీ సింగ్ ఆ సీజన్‌లో అందరికన్నా ఎక్కువ వికెట్లు తీశాడు. బౌలర్ కుదిరాడు కాబట్టి కెప్టెన్ గొప్పగా కనపడ్డాడు. గిల్‌క్రిస్ట్‌ని తక్కువ చేయడం లేదు, ఫైనల్లో మొదటి ఓవర్‌లోనే సున్నాకి అవుటైనా జట్టు కుంగకుండా నడిపించినవాడు. కానీ బౌలర్ లేని కెప్టెన్‌ని చూపించి మాట్లాడు.

ఇక బీరు సంగతి. దానికి కూడా పరీక్ష జరిగిపోయింది. ఫ్రాంకోనా స్థానంలో బాబీ వాలెంటైన్ వచ్చాడు. గట్టి మనిషి కావాలని కోరి తెచ్చుకున్నారు. వచ్చీ రాగానే క్లబ్‌హౌస్‌లో మద్యం నిషేధించాడు. 2012 ఫలితం? 69-93, డివిజన్‌లో ఆఖరి స్థానం, ఏడాదికే ఇంటికి. బీరు వల్లే ఓడారంటే బీరు లేని ఏడాది 90 కన్నా ఎక్కువ గెలవాలి కదా. 21 తక్కువ గెలిచారు.

మల్కాజిగిరి_బౌలర్
మంచిగ చెప్పినవ్ వేణూ. ఇది నాకు గట్టిగ తగిలింది. కానీ ఒక్క మాట. బీరు కారణం కాకపోవచ్చు, గుర్తు అయితది. జ్వరం వచ్చిన మనిషికి నాలుక చేదుంటది. నాలుక వల్ల జ్వరం రాదు, అట్లని జ్వరం లేదని కాదు. ఆ గదిల ఏదో చెడింది. ఫ్రాంకోనా తనే పోయేటప్పుడు చెప్పిండు కద, ఇక్కడ కొత్త గొంతు కావాలె అని. తన మాట వాళ్ల చెవికి ఎక్కుత లేదని తనకు తెల్సు.

స్కోర్‌షీట్_శర్మ
బౌలర్ తమ్ముడి ఈ మాట నేను కాదనలేను. నా వాదనకి ఇది అడ్డం వచ్చినా ఒప్పుకోవాలి. ఫ్రాంకోనా పద్ధతి ఏమిటంటే బయట ఆటగాడి మీద ఈగ వాలనివ్వడు, లోపల మందలిస్తాడు. 2004లో, 2007లో వరిటెక్ లాంటి సీనియర్లు ఆ మందలింపుని కిందికి మోశారు. 2011కి మోసేవాళ్లు తగ్గారు.

ఇంకొకటి ఎవరూ అనడం లేదు. పిచింగ్ కోచ్ జాన్ ఫారెల్. 2007 నుంచి 2010 దాకా ఆయనే. బెకెట్, లెస్టర్, బుక్‌హోల్జ్ ముగ్గురూ ఆయన చేతి కిందివాళ్లు. 2010 అయిపోగానే టొరంటో మేనేజర్‌గా వెళ్లిపోయాడు. ఓక్లాండ్ నుంచి కర్ట్ యంగ్‌ని తెచ్చారు. పిచర్ల గదిలో గీత గీసే మనిషి వెళ్లిన మొదటి ఏడాదే ఆ గది గీత దాటింది. 2013లో ఫారెల్ మేనేజర్‌గా తిరిగొచ్చాడు, వెంటనే కప్పు. మన మైదానం ఫెన్‌వేలో కప్పు ఖాయం చేసిన ఆరో మ్యాచ్‌కి స్టార్టర్ ఎవరో గుర్తుందా? లాకీ! ఆ బీరు బృందంలో ఒకడే.

వేణు_ఎడమచేతివాటం
లాకీ గురించి అందరూ మర్చిపోయేది ఇంకోటుంది. 2011లో అతని ఈఆర్ఏ 6.41. ఊరంతా తిట్టింది. సీజన్ అయ్యాక మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ చేశారు, 2012 మొత్తం ఆడలేదు. అంటే ఆ ఏడాది పాడైపోయిన చేత్తోనే బంతి వేశాడు. నేను కాలేజీలో బంతి వేసినవాణ్ణి. మోచేతి లోపల తీగ లాగుతుంటే బంతి వదిలే క్షణంలో మనసు భయపడుతుంది, వేళ్లు ముందే తెరుచుకుంటాయి. బంతి మధ్యలో పడుతుంది. బయటివాళ్లకి అది బద్ధకంలా కనిపిస్తుంది.

వూస్టర్_రావు
వేణూ, ఇక్కడే నాకు ఫ్రాంకోనా మీద అసలు కోపం. నిన్న శర్మగారు అడగని ప్రశ్న నేను అడుగుతాను. చెయ్యి బాగాలేని లాకీని వంతు వచ్చినప్పుడల్లా ఎందుకు దింపాడు? బుల్‌పెన్‌లో అల్‌ఫ్రెడో ఏసెవెస్ ఉన్నాడు కదా. ఆ ఏడాది 114 ఇన్నింగ్స్, ఈఆర్ఏ 2.61, 10 విజయాలు 2 ఓటములు. అంతకు ముందు నాలుగు మ్యాచ్‌లు స్టార్టర్‌గా వేసినవాడే. సెప్టెంబర్‌లో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ మొదట్నుంచి ఇవ్వలేదు. ఒక్క గెలుపు ఎక్కువుంటే టాంపాతో సమానమై మర్నాడు నిర్ణయ మ్యాచ్ ఆడేవాళ్లం. రెండుంటే నేరుగా లోపలికే. ఇది జనరల్ మేనేజర్ చేతిలోది కాదు, బీరు గొడవ కాదు. డగౌట్‌లో కూర్చున్న మనిషి చేతిలో ఉన్న నిర్ణయం.

స్కోర్‌షీట్_శర్మ
రావుగారూ, దీనికి ఆయన వైపు నుంచి ఒక్క మాట ఉంది. స్టార్టర్లు మూడో నాలుగో ఇన్నింగ్స్‌లోనే చేతులెత్తేస్తుంటే మధ్యలో మూడేసి ఇన్నింగ్స్ మోసింది ఏసెవెసే. అతన్ని అయిదు రోజులకోసారి వాడితే మిగతా నాలుగు రోజులు ఆ గుంత ఎవరు పూడుస్తారు? చిన్న దుప్పటి, తలకి లాగితే కాళ్లు బయట.

అలాగని మీరన్నది తప్పు కాదు. టాంపాతో ఆడిన ఏడింటిలో ఆరు ఓడాం. ఆ ఏడింటికైనా ఏసెవెస్‌ని దాచి ఒకసారి మొదట్నుంచి వేయించి ఉండాల్సింది. ఆ ఒక్క మ్యాచ్ గెలిస్తే మనకొకటి పెరిగి వాళ్లకొకటి తగ్గేది. ఇది నేనూ ఆయన ఖాతాలోనే రాస్తాను.

అట్లాంటా_మామయ్య
అటువైపు అతిగా వాడినా తప్పేనండి. 1964లో ఫిలడెల్ఫియా మేనేజర్ జీన్ మాక్ సంగతి వినే ఉంటారు. 12 మ్యాచ్‌లు మిగిలుండగా ఆరున్నర ఆధిక్యం. గాభరాపడి జిమ్ బన్నింగ్‌ని, క్రిస్ షార్ట్‌ని రెండు రోజుల విశ్రాంతికే మళ్లీ మళ్లీ దింపాడు. వరసగా పది ఓడారు. అరవై ఏళ్లు దాటినా ఆయన పేరు చెబితే ఆ పది రోజులే. ఫ్రాంకోనా ఆ పని చేయలేదు. ఆఖరి రోజు లెస్టర్‌ని మూడు రోజుల విశ్రాంతితో దింపాడు, అది తప్పనిసరి. లెస్టర్ ఆరు ఇన్నింగ్స్‌లో రెండే పరుగులిచ్చాడు.

న్యూజెర్సీ_మెట్స్_మేడం
ఆ తొమ్మిదో ఇన్నింగ్స్ మాత్రం ఏ మేనేజర్ మీదా వేయలేం. ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యేసరికి ఆధిక్యంలో ఉన్న ప్రతి మ్యాచ్‌నీ ఆ ఏడు ఆ రాత్రికి ముందు దాకా రెడ్ సాక్స్ గెలిచింది, 77కి 77. బార్డ్, తర్వాత పాపెల్‌బాన్. ఎవరున్నా అదే చేస్తారు.

నాకు బాధ కలిగించింది ఆ తర్వాత జరిగింది. ఫ్రాంకోనా మందులు వాడుతున్నారని, ఆయన కాపురం గురించి, పేరు చెప్పని మనుషులు పత్రికకు చెప్పారు. ఎనిమిదేళ్లలో 744 మ్యాచ్‌లు గెలిపించిన మనిషి. ఆ మందులకీ కాపురానికీ ఓటమితో సంబంధం లేదని ఆయన నోటితో చెప్పుకోవాల్సి వచ్చింది. తీసేయడం వ్యాపారం. ఇది మాత్రం అన్యాయం.

మల్కాజిగిరి_బౌలర్
ఈ విషయంల మేడంతో నేను నూటికి నూరు. తప్పు పట్టుడు వేరు, పరువు తీసుడు వేరు. ఇంటి సంగతులు బయటేసుడు ఎవలు జేసినా సిగ్గుమాలిన పని.

బెజవాడ_కుర్రాడు
ఇంతకీ ఆయన తర్వాత ఏమయ్యాడు? ఎవరైనా మళ్లీ పిలిచారా?

వేణు_ఎడమచేతివాటం
2013 సీజన్‌కి క్లీవ్‌ల్యాండ్ పిలిచింది. అంతకు ముందు ఏడాది 94 ఓడిన జట్టు. మొదటి ఏడాదే 92 గెలిపించాడు, అమెరికన్ లీగ్‌లో ఉత్తమ మేనేజర్ ఆయనే. 2016లో వరల్డ్ సిరీస్ దాకా తీసుకెళ్లి 3-1 ఆధిక్యంలో నిలబడి, ఏడో మ్యాచ్ పదో ఇన్నింగ్స్‌లో ఓడాడు. ఎదుటి జట్టు చికాగో కబ్స్. దాన్ని కట్టింది థియో ఎప్‌స్టీన్, 2011లో మన జనరల్ మేనేజర్. ఫ్రాంకోనా తర్వాత వారాల్లోనే ఆయనా బాస్టన్ వదిలాడు. క్రాఫర్డ్‌కి ఏడేళ్లకు 14 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చిందీ ఆయనే. 2011 ఆ ఒప్పందానికి మొదటి ఏడాదే.

వూస్టర్_రావు
అందరికీ థాంక్స్. ఈ రెండు రోజుల చర్చ మా వాడికి చదివి వినిపించాను. నా లెక్క చెప్తాను. పిచర్ల కొరత ఆయనది కాదు. గాయాలు ఆయనవి కాదు. ఆఖరి ఇన్నింగ్స్ కాదు. గది చెడిందంటే సగం ఆయనది, సగం ఫారెల్ చోటుని నింపలేకపోయినవాళ్లది. ఏసెవెస్ నిర్ణయం పూర్తిగా ఆయనది. తొమ్మిది మ్యాచ్‌ల ఆధిక్యంలో అది ఒకటో రెండో. కానీ పోయింది కూడా ఒక్కదాని తేడాతోనే, అందుకే నాకు ఇంకా మింగుడుపడదు. అయినా ఆ రాత్రి నేనన్న మాటలు ఆ ఒక్కదానికి తగ్గవి కావు.

మా వాడు ఒప్పుకోలేదు. "సీజన్ మొదట్లో 2 గెలిచి 10 ఓడారు కదా నాన్నా, ఆ తర్వాత ఆగస్టు ఆఖరుకి 81 గెలిచి 42 ఓడారు. అప్పుడు కూడా అదే మేనేజర్. ఏప్రిల్‌లో ఓడిన మ్యాచ్‌ని ఎవరూ లెక్కెందుకు వేయరు? అది కూడా ఒక మ్యాచే" అన్నాడు. ఇప్పుడు ఏప్రిల్ స్కోర్లన్నీ ముందేసుకుని ఏ పిచర్ ఎన్ని ఇన్నింగ్స్ వేశాడో కాగితం మీద గీస్తున్నాడు. పూర్తయ్యాక ఇక్కడ పెడతాను. శర్మగారూ, మీరే తప్పులు దిద్దాలి.

స్కోర్‌షీట్_శర్మ
పెట్టండి. ఏప్రిల్ 1 టెక్సస్ మ్యాచ్ నుంచి మొదలుపెట్టమనండి, ఆ రోజు స్టార్టర్ లెస్టర్.